చుక్క వెలుతురులో సొట్ట

ఈ వీలునామా నా సొంత దస్తూరీతో నేనే రాసుకుంటున్నాను. నాకు డెబ్బై రెండేళ్ళు. నలభై నాలుగేళ్ళుగా కళ్ళద్దాల షాపు నడుపుతున్నాను. ఊళ్ళో సగంమంది నన్ను కళ్ళద్దాలమ్మ అనే పిలుస్తారు, మిగతా సగానికి ఇంకా చత్వారం రాలేదు. నా మతి స్థిరంగా ఉందనీ, దీని వెనుక ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేవనీ చెప్పాలట కాబట్టి చెబుతున్నాను. మతి విషయంలో మా అల్లుడుగారికి కొన్ని అనుమానాలున్నాయని తెలుసు. ఆయన కోసం ఒక్క మాట: వేరే లోకాల్లో జీవులు ఉన్నారని నేనెప్పుడూ అనలేదు, ఉండొచ్చు అన్నాను. ఈ రెండింటికీ తేడా తెలిసినంత మతి నాకుంది. కాకపోతే ఆ ఉండొచ్చు అన్నమాట తలుచుకుంటే చాలు, ఇప్పటికీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాలనిపిస్తుంది. గుండె డాక్టరు వద్దన్నాడని ఒక్కొక్కటే ఎక్కుతున్నాను.

ఆ గుండెకి ఈ నెల ఇరవై ఎనిమిదిన ఆపరేషను. నేను లెక్కగట్టింది నిజమైతే, జనవరి తొమ్మిది సాయంత్రం ఒక చుక్క వెలుతురు కొంచెం తగ్గుతుంది, అంటే దాని ముందు నుంచి ఒక గ్రహం దాటుతుంది. ఆ సాయంత్రం నేను మా డాబా మీద ఉండాలి. ఉంటానో ఉండనో తెలియదు కాబట్టి ఈ కాగితం.

1. ఇల్లు, షాపు, అద్దాలు అరగదీసే మిషను, గోడమీది బోర్డుతో సహా మా అమ్మాయికి చెందుతాయి. అమ్మకం, మార్పులు, చేర్పులు దాని ఇష్టం. ఒక్క షరతు. షాపు కిటికీలో పెట్టిన మూడు కళ్ళ ఫ్రేము తీసేయకూడదు. మూడో అద్దం నుదుటి మీదికి వచ్చేలా చేశాను, వేరే లోకంవాళ్ళ సైటు ఎంతో తెలియదు కాబట్టి ప్రస్తుతానికి మామూలు గాజు బిగించాను. మన అక్షరాలు వాళ్ళకి రావు కనుక కన్ను పరీక్షించే అట్ట కూడా వేరే గీశాను, అందులో అక్షరాల బదులు చుక్కలూ సున్నాలూ ఉంటాయి. అది సొరుగులో ఉంది. అట్ట మీద పెద్ద సున్నా కనబడలేదని ఎవరైనా అంటే వాళ్ళు ఏ లోకంవాళ్ళైనా సరే, ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇవ్వాలి.

2. డాబా మీది మడత కుర్చీ అల్లుడుగారికి. ఆయన మంచినీళ్ళ శాఖలో ఇంజనీరు. చాలా దూరంలో వేరే గ్రహానికున్న ఒక చందమామ మీద మైళ్ళ మందాన మంచు ఉందనీ, దాని కింద సముద్రం ఉండొచ్చనీ పేపర్లో పడిన రోజు నేను గట్టిగా చదివి వినిపిస్తే, ఆయన తల ఎత్తకుండా, మరి లీకు ఎక్కడుందో కనుక్కున్నారా అత్తయ్యగారూ అని అడిగారు. తీరా చూస్తే ఆ మంచు పగుళ్ళలోంచి నీళ్ళు నిజంగానే చిమ్ముతున్నాయట! ఆ సంగతి చెప్పినప్పటి నుంచి ఆయన ప్రతి ఆదివారం ఏమీ పట్టనట్టు మొహం పెట్టి, ఆ నీళ్ళ సంగతి ఏమైంది అంటారు. ఆయనకి కూడా అంటుకుంది, పైకి ఒప్పుకోరు అంతే. కుర్చీ ఎడమ చెయ్యి ఊగుతుంది, ఆనుకోవద్దు.

3. ఎదురింట్లో ఉండే డ్రాయింగు మాస్టారికి, నేను స్వయంగా రేకు కత్తిరించి చేసిన టోపీ ఒకటి. అది ఆయన తలకి కాదు, ఆయన పెరట్లోని లైటుకి. దొంగల భయంతో ఆయన పెట్టించిన ఆ లైటు ఆరేళ్ళుగా సగం ఆకాశాన్ని మింగేసింది. టోపీ తొడిగితే వెలుతురు కిందికే పడుతుంది, దొంగలు ఇంకా బాగా కనబడతారు. ఈ సంగతి ఆయనతో పద్దెనిమిది సార్లు చెప్పాను. పోయినవాళ్ళ మాట కాదనలేరు కదా అని ఇలా పంతొమ్మిదోసారి చెబుతున్నాను.

4. వేరే లోకాల గురించిన పేపరు కత్తిరింపుల ఫైళ్ళు ముప్పై ఒకటి, లైబ్రరీకి. లైబ్రరీలో ఇరవై ఏళ్ళపాటు పేపర్లకి చిల్లులు పడుతుంటే ఎలుకల మందు పెట్టించిన లైబ్రేరియనమ్మకి క్షమాపణలతో. ఆ ఎలుకని నేనే. ఫైళ్ళ మీద నీళ్ళు, గాలులు, వింత శబ్దాలు, అవునేమో అని రాసి ఉంటుంది. అన్నిటికంటే లావు ఫైలు మీద కాదని తేలింది అని రాశాను. ఆ ఫైలంటేనే నాకు ఎక్కువ ముద్దు. అవునని ఎగిరి గంతేసిన పండితులే మళ్ళీ కూర్చుని చూసుకుని, కాదులెండి, పొరబడ్డాం అని నలుగురిలో ఒప్పుకున్నారు. నాకు అది చేతకావడానికి పదకొండేళ్ళు పట్టింది.

5. నా సొంత కళ్ళద్దాలు పద్నాలుగు జతలు. వీటిని ఎవరికీ ఇవ్వకూడదు. చూపు మసకబారినప్పుడల్లా సైటు పెరిగిందనుకుని నాకు నేనే కొత్త అద్దం అరగదీసుకుని తగిలించుకున్నాను. అలా పద్నాలుగు సార్లు. ఎదుట కూర్చున్న వాళ్ళ కంట్లో పొర కనబడితే ఆ నిమిషమే ఆస్పత్రికి తరిమేదాన్ని, నా కంట్లోకి మాత్రం ఎవరినీ చూడనివ్వలేదు. పోయిన ఆగస్టులో మా అమ్మాయి బలవంతాన కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు, పన్నెండేళ్ళ నాటివైనా అయ్యుంటాయి అన్నాడాయన. తీయించుకుని ఇంటికొచ్చాక గదిలో కర్టెన్లు నీలం రంగువని తెలిసింది. అన్నేళ్ళూ బూడిద రంగువే అనుకున్నాను.

6. టెలిస్కోపు. ఇది కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

టెలిస్కోపులోని అద్దం నేను ఎనిమిది నెలలు చేత్తో అరగదీసింది. మా తమ్ముడు రేడియో మెకానిక్కు. పాత రేడియో డొక్కులో వాడొక మీటరు తయారు చేశాడు. దాన్ని టెలిస్కోపుకి తగిలిస్తే చుక్క వెలుతురు ఎంతో ముల్లు చూపిస్తుంది. చుక్క మధ్యలోంచి జారకుండా వాడు పట్టేవాడు, నేను ముల్లు చదివి పుస్తకంలో రాసేదాన్ని. ఒక సాయంత్రం ముల్లు రెండు గీతలు దిగింది. మబ్బులు వచ్చి కప్పేవరకూ దిగే ఉంది, మర్నాడు చూస్తే మామూలే. అంకెలన్నిటినీ కలిపి గీత గీస్తే నున్నటి గిన్నెకి సొట్ట పడినట్టు వచ్చింది. అరవై ఏళ్ళ దాన్ని, యాభై ఆరేళ్ళ వాణ్ణి, ఇద్దరం చేతులు పట్టుకుని డాబా మీద గిరగిరా తిరిగాం. కిందికి దిగేటప్పుడు వాడు నా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. నక్షత్రశాల పండితులకి ఉత్తరం రాస్తే, సంగతి ఆసక్తికరంగా ఉంది, మళ్ళీ కనబడితే తెలియజేయండి అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించాను. ఆ ఫ్రేము, మా మిత్రుడూ ఈ వీలునామా అమలు చేయబోయేవాడూ అయిన పళ్ళ డాక్టరుకి చెందుతుంది.

చుక్క కనబడే సాయంత్రాలన్నీ ఇద్దరం కాపలా కాశాం. నాలుగు వందల పదమూడో రోజున సొట్ట మళ్ళీ పడింది. సరిగ్గా ఆ రోజే తమ్ముడికి జ్వరం. ఒక్కదాన్నే చుక్కనీ పట్టుకున్నాను, ముల్లునీ చదివాను. మర్నాడు పుస్తకం పట్టుకుని వాడింటికి పరిగెత్తాను. వాడు అంకెలు చూసి, అక్కా, నీ కంట్లో శుక్లం ఉన్నట్టుంది, ముల్లు సరిగ్గా కనబడి ఉండదు, ఇప్పుడే పండితులకి రాయొద్దు అన్నాడు. ఊరందరికీ చూపు దిద్దే నాకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నా కళ్ళు బాగానే ఉన్నాయి, నీ మీటరులోనే తీగలు అతికిన టంకం ఊడి ఉంటుంది, నువ్వు పెట్టిన టంకం ఏది నిలిచింది కనుక అన్నాను. జ్వరం తగ్గగానే వాడు మా డాబా మీదికి వచ్చి మీటరు విప్పుకుని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి టెలిస్కోపు నా దగ్గర, మీటరు వాడి దగ్గర. పదకొండేళ్ళు. ఈలోగా ఆ గ్రహం ఎన్ని చుట్లు తిరిగిందో, మేమిద్దరం మాత్రం ఎవరి గుమ్మంలో వాళ్ళం మూతి ముడుచుకుని కూర్చున్నాం.

కళ్ళు బాగయ్యాక పాత పుస్తకం తీశాను. రెండో సొట్ట పడిన ఆ రాత్రి ప్రతి పది నిమిషాలకీ మా చుక్కతోపాటు పక్క చుక్కని కూడా కొలిచి రాశాను. పక్క చుక్క మొదటి నుంచి చివరిదాకా అరవై ఒకటి, అరవై ఒకటి, అరవై ఒకటి. మా చుక్క మాత్రం యాభై ఎనిమిది నుంచి యాభై ఆరుకి దిగింది. నా కన్ను తప్పయితే రెండు చుక్కలకీ తప్పాలి. టంకం ఊడితే రెండింటికీ ఊడాలి. అంటే కన్నూ తప్పు చదవలేదు, టంకమూ ఊడలేదు! ఆ పేజీ చూసి షాపులో గట్టిగా కేక పెట్టాను, ఎదురుగా కూర్చున్నాయన ఫ్రేము జారవిడిచాడు. ఇద్దరి పరువూ నిలబెట్టే సాక్ష్యం పదకొండేళ్ళుగా నా సొరుగులోనే పడి ఉంది, గొడవలో పడి ఇద్దరం దాని మొహం చూడలేదు.

కాబట్టి: (అ) శుక్లం గురించి తమ్ముడు అన్నది అక్షరాలా నిజమని ఒప్పుకుంటున్నాను. (ఆ) టంకం గురించి నేను అన్న మాట పూర్తిగా, బేషరతుగా వెనక్కి తీసుకుంటున్నాను. ఆ మీటరంత నిక్కచ్చి పనితనం నేను ఇంకెక్కడా చూడలేదు. (ఇ) నా తదనంతరం టెలిస్కోపు, అద్దంతో, ముక్కాలి పీటతో, తొడుగుతో సహా తమ్ముడికి చెందుతుంది. జనవరి తొమ్మిది సాయంత్రం ఏడింటికి, రెండో సొట్ట నుంచి లెక్కిస్తే పదో చుట్టు సొట్ట పడాలి. వాడు చూడాలి. పడకపోతే కాదని తేలింది ఫైల్లో పెట్టాలి, ఏడవకూడదు. పడితే ఏడవొచ్చు.

7. మా మరదలికి, అంటే తమ్ముడి భార్యకి, నా ఎర్ర శాలువా. ఈ పదకొండేళ్ళూ ప్రతి ఏడూ ఆమె తమ్ముడి కళ్ళజోడు బజారు సంచిలో దాచి తెచ్చేది, నేను అద్దాలు మార్చి ఇచ్చేదాన్ని. పక్క వీధి షాపులో చేయించానని వాడితో చెప్పేదట. వాడి సైటు ఎంత పెరిగిందో నాకు తెలుసు, వాడి గొంతు ఎలా ఉందో మరిచిపోయాను.

8. గ్రహానికి సొట్టమ్మ అని పేరు పెట్టాను, పండితులు వేరే పేరు పెడితే అభ్యంతరం లేదు. అంత పెద్దది ఉత్త గాలి ముద్దే అయ్యుంటుంది, కాలు మోపే చోటు ఉండదు, తెలుసు. కానీ దానికి చందమామలు ఉండకూడదా? ఆ చందమామల్లో ఒకదాని మీద నీళ్ళుండి, ఆ నీళ్ళ ఒడ్డున ఒక ముసలిది అద్దాలు అరగదీస్తూ, మన సూర్యుడి ముల్లు ఒక్క గీత దిగిందని ఇంట్లోవాళ్ళతో పోట్లాడుతూ ఉండకూడదా? అలాంటిది ఎవరైనా ఉంటే, నా తరఫున ఆమెకి, నీ లెక్క సరైనదే తల్లీ, మేం ఉన్నాం అని కబురు చేయవలసిందిగా రాబోయే తరాలవారిని కోరుతున్నాను.

9. ఇవన్నీ తమ్ముడి మొహాన చెప్పొచ్చుగా అని మా అమ్మాయి అడిగింది. నావల్ల కాదు. నేను లేనప్పుడు చదువుతారు కాబట్టే రాయగలిగాను. చిత్తు ప్రతి దాచమని పళ్ళ డాక్టరుకి ఇచ్చాను, కానీ అతని నోట్లో నువ్వుగింజ నానదు. మొన్న గురువారం తమ్ముడు దవడ పన్ను చూపించుకోవడానికి వెళితే, కుర్చీలో పడుకోబెట్టి, నోటికి రెండు వైపులా దూది కూరి, ఆరో అంశం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాడట. వాడు కదలలేక, నోరు మూయలేక అలాగే విన్నాడట. అయ్యాక నోరు పుక్కిలించి వెళ్ళిపోయాడట. డాక్టరుతో రెండు రోజులుగా నేను మాట్లాడటం లేదు, అమలు బాధ్యత మాత్రం అతనిదే.

10. వీలునామాలో తనకేదైనా రాసి ఉన్న మనిషి సాక్షి సంతకం చేస్తే, ఆ మనిషికి రాసింది చెల్లదని వకీలు గుమస్తా చెప్పాడు. అందుకే పక్క మందుల షాపాయనకి ప్రేమ ఉండి కూడా ఏమీ రాయలేదు. ఆయన, గుమస్తా, ఇద్దరూ ఈ ఉదయం పదకొండింటికి మా షాపులో సాక్షులుగా సంతకం చేస్తారు.

పైన రాసినదంతా నా మాటే, నా సంతోషమే.

2023 నవంబరు 18, శనివారం.

సంతకం: కళ్ళద్దాలమ్మ

సాక్షులు:

1. మందుల షాపు యజమాని.

2. వకీలు గుమస్తా (కొట్టివేయడమైనది). ఇతని చేతిలోంచి కలం లాక్కుని సంతకం చేస్తున్నది తమ్ముడు, రేడియో మెకానిక్కు. రూలు తెలిసే చేస్తున్నాను. టెలిస్కోపు నాకు అక్కర్లేదు, అది అక్కదే. జనవరి తొమ్మిదిన ఏడింటికి మీటరు తీసుకుని డాబా మీదికి వస్తాను. చుక్కని నేను పట్టుకుంటాను, ముల్లు చదవాల్సింది అక్కే.