నా దగ్గర దాచిన నాలుగంగుళాలు

సికింద్రాబాద్ అల్వాల్ నివాసిని, కీ.శే. రాజయ్య కుమారుడిని, తిరుమలగిరిలో నలభై ఒక్క ఏళ్లు మిలటరీ వాళ్లకు యూనిఫారాలు కుట్టిన దర్జీని, అరవై ఎనిమిదేళ్ల రాపర్తి తిరుమల్ అను నేను ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి సరిగానే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు సూది ఇచ్చి చూడండి, ఒక్క గురికే దారం ఎక్కిస్తాను. చెడింది క్లోమం ఒక్కటే.

అవును, నాకు తెలుసు. "గ్యాసే నాయినా, గోలీలేస్తే తగ్గుతది, పరేషాన్ గాకు" అని నా కొడుకు ఓంప్రకాశ్ ఆగస్టు నుంచి చెబుతున్నాడు. రిపోర్టుల ఫైలు బియ్యం డబ్బాలోకి పోయింది. అంతటితో ఆగితే బాగుండేది. నేను చిక్కిపోతున్న సంగతి నాకు తెలియకూడదని, నేను స్నానానికి వెళ్లినప్పుడు నా ప్యాంట్ల నడుములు లోపలికి పట్టి కుట్టారు. దర్జీకి! మొదటి రెండంగుళాలు నా భార్య బాలమ్మ చేతికుట్టు. ఆమె దారం బిగించి లాగుతుంది, బట్ట ముడుచుకుంటుంది. తర్వాతి రెండూ మిషను కుట్టు, నల్ల ప్యాంటుకు నీలం దారం. అది మా కూతురు నవత పని. మూడు నెలల్లో నాలుగంగుళాలు పోయాయంటే గ్యాసు కాదని తెలియడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. జబ్బు పడ్డవాళ్ల మనసు కుదుటపరచడానికి ఆస్పత్రిలో క్యారల్ అనే అమ్మాయి ఉంది. ఒక్కడినే వెళ్లి ఆమెను అడిగాను. ఆమె డాక్టరు దగ్గర కూర్చోబెట్టి అంతా చెప్పించింది.

మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నానంటే, మొదట్లో మజా వచ్చింది. ఎవరు ఎంత బాగా అబద్ధమాడతారో చూద్దామనుకున్నాను. ఇప్పుడు ఇంటినిండా మనుషులున్నా ఒంటరిగా ఉంది. భయంగా కూడా ఉంది. చెప్పుకుందామంటే అందరూ గ్యాసు దగ్గరే ఆగిపోతున్నారు. కాబట్టి:

1. అల్వాల్ ఇల్లు బాలమ్మకు, ఆమె తదనంతరం పిల్లలిద్దరికీ సమానంగా చెందవలెను. ఇందులో వాదన లేదు.

2. కాలిమిషను, కత్తెరలు నవతకు. నీలం దారం గురించి ఒక్కసారి తిడతాను, ఆ తర్వాత మాఫీ.

3. ఓంప్రకాశ్‌కు బూడిదరంగు సూటు గుడ్డ. తండ్రి దర్జీ అయి ఉండి పెళ్లికి వీడు రెడీమేడ్ సూటు కొన్నాడు. చేతులు అరంగుళం పొడుగు. పదకొండేళ్లయినా ఫొటో చూస్తే కడుపు మండుతుంది. ఆ మంటకు జబ్బుతో సంబంధం లేదు. గుడ్డ కత్తిరించి పెట్టాను, ట్రయల్‌కు వచ్చి నిలబడాలి. జెర తొందరగా.

4. క్యారల్‌కు కుర్తా రాద్దామనుకున్నాను. సాక్షులకు ఏదీ రాయకూడదని, కోర్టులో గుమస్తాగా చేసిన రామ్మోహనరావు గారు అన్నారు. ఇది రాయకముందే కుట్టి ఇచ్చేశాను.

5. నా జబ్బు గురించి అందరూ నన్ను నేరుగా అడగవలెను. నాకూ తెలుసుకోవాల్సినవి బోలెడున్నాయి. నొప్పి ఎక్కువైతే ఏమిస్తారు? చేతులు వణుకుతాయా? నేను లేకపోతే బాలమ్మ తన చాయ్‌లో చక్కెర ఎంత వేసుకుంటుంది? ముప్పై తొమ్మిదేళ్లుగా నాకోసం ఇద్దరి చాయ్‌లోనూ తక్కువ వేస్తోంది, ఆమెకెంత ఇష్టమో నేనెన్నడూ అడగలేదు.

6. ఈ వీలునామా నేను పోయాక చదివేది కాదు. ఎల్లుండి ఆదివారం పొద్దున, నేను ఎదురుగా కూర్చుని ఉండగా ఓంప్రకాశ్ పైకి చదవవలెను. "గిట్లెవరన్న చేస్తరా?" అని బాలమ్మ అంటుంది. అననివ్వండి.

7. చదవడం అయ్యాక బాలమ్మ నా మెడలోని టేపు తీసుకుని నా నడుము కొలవవలెను. ఊరందరినీ నేను కొలిచాను, నన్నెవరూ కొలవలేదు. చాటుగా వద్దు, అందరి ముందూ కొలిచి, ఎంత వచ్చిందో పైకి చెప్పాలి. ఏడుపొస్తే ఏడవనీ, టేపు మాత్రం వదులు చేయొద్దు. కొలతల పుస్తకంలో నేనే రాసుకుంటాను.

అల్వాల్, 14 నవంబరు 2025, శుక్రవారం
(సంతకం) రాపర్తి తిరుమల్

సాక్షులు:
1. రామ్మోహనరావు, రిటైర్డ్ కోర్టు గుమస్తా
2. క్యారల్, ఆస్పత్రి కౌన్సెలర్

ఆదివారం నాడు నా చేత్తో చేర్చినది: నడుము ఇరవై తొమ్మిదిన్నర. నమ్మక బాలమ్మ రెండోసారి కొలిచింది. అంతే వచ్చింది.