జేగంట మోగేదాకా

మఠం గోడల వెనక హాయిగా ఉన్న అక్కకి,

ఈ ఉత్తరం గుడారంలో కూర్చుని రాస్తున్నాను. కాగితం చెమ్మగిల్లి కలం పారడం లేదు. అక్షరాలు వంకర పోతే నా చేతిని తిట్టకు, పొగమంచుని తిట్టు. దీన్ని నీకంటే ముందు మీ మఠం పెద్ద మదర్ గారు చదువుతారని తెలుసు. మదర్ గారూ, నమస్కారం. ఇందులో పాపం ఏమీ లేదు, అలసట మాత్రమే ఉంది.

డెల్ఫిన్ మళ్ళీ పరిగెడుతున్నాడు. మన కొండల మీద ఈ పెద్ద పరుగు మొదలైన ఏడాది నుంచి ఒక్కసారి కూడా మానకుండా, ఒక్కసారి కూడా మధ్యలో ఆగకుండా పూర్తి చేసినవాడు మా ఆయన ఒక్కడే మిగిలాడు. తనతో మొదలుపెట్టినవాళ్ళలో ఒకరికి మోకాళ్ళు పోయాయి, ఒకరు పెళ్ళాం మాట విన్నారు. ఇప్పుడు కుర్రాళ్ళు ఎదురైతే పెద్దవాళ్ళని పిలిచినట్టు 'అపో' అని పిలుస్తారు. ఆ ఒక్క మాటకి వారం రోజులు క్యాబేజీ బస్తాలు మోసే మనిషి ఇంకో వారం ఉత్తినే మోసేలా ఉంటాడు.

నా పని నీకు తెలిసిందే. పరుగు పగలు మొదలై రాత్రంతా సాగుతుంది. సగం దారిలో, చెట్లన్నిటికీ నాచు పట్టిన ఈ శిఖరం మీద మజిలీ. నాలాంటి పెళ్ళాలూ, అమ్మలూ, ఒకరిద్దరు మొగుళ్ళూ ముందు రోజే ఎక్కి వచ్చి గుడారాలు వేసుకుంటాం. అల్లం వేసి కోడి జావ కాస్తాం. పొడి సాక్సులు, బొబ్బలు పొడవడానికి సూది, తొడలు ఒరుసుకుపోతే రాయడానికి వాజలీను, అన్నీ వరసగా పెట్టుకుని కూర్చుంటాం. వాళ్ళు వస్తారు, తింటారు, అరగంట పడుకుంటారు, వెళ్ళిపోతారు. మేం గుడారం విప్పి, తడిసిన బరువంతా వీపున వేసుకుని దిగి వెళ్ళి, పరుగు ముగిసే చోట మళ్ళీ నిలబడతాం. వాళ్ళకి పతకం ఇస్తారు. నాకు ఏటా జలుబు వస్తుంది.

ఈ మజిలీకి పెద్ద, అందరూ అన్నగా మనోంగ్ అని పిలిచే జాక్సన్. ఆయన రెండు చెట్లకి తాడు కట్టి ఉంచుతాడు. ఇక నావల్ల కాదు అనుకున్నవాడు గుండె మీది నంబరు గుడ్డ విప్పి, తన చేత్తో తనే ఆ తాడు మీద బట్టలారేసినట్టు వేసెయ్యాలి. ఎవరూ ఒక్క మాట అనరు, కాఫీ ఇస్తారు. కానీ అందరూ చూస్తారు. తెల్లవారాక జాక్సన్ జేగంట కొడతాడు. ఆ తర్వాత మజిలీ దాటడానికి లేదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పడుకున్నవాణ్ణి సొంత మనుషులు తప్ప ఇంకెవరూ లేపకూడదు. ఒకసారి జాక్సనే జాలిపడి ఒక కుర్రాణ్ణి లేపాడు. వాడు నిద్రకళ్ళతోనే వెళ్ళి లోయలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి ఆయన పడుకున్నవాళ్ళ వంక చూడను కూడా చూడడు.

అక్కా, నాకు విసుగొచ్చింది. కోపం కాదు, అది ఎప్పుడో అయిపోయింది. ఈ తడి నేల మీద ఇన్నేళ్ళుగా పడుకుంటున్నాను, 'నీకు నిద్ర పట్టిందా' అని మా ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. పోయినేడు తను పొద వెనక్కి వెళ్ళొచ్చాక లాంతరు పట్టుకుని వెళ్ళి చూశాను. రాయి మీద మూత్రం కాఫీ మడ్డి రంగులో ఉంది. అడిగితే బీట్‌రూట్ తిన్నానన్నాడు. మా పొలంలో బీట్‌రూట్ లేదు. అప్పటినుంచి తను పరుగు అన్నప్పుడల్లా నాకు ఆ రాయే కనిపిస్తుంది. ఈసారి పరుగు ముగిసే చోట నిలబడి, మెడలో పతకం వేశాక, వచ్చే ఏడు నుంచి నేను రాను, నువ్వూ వెళ్ళకు అని చెప్పేస్తాను. చెప్తాననే అనుకుంటున్నాను. కింద ఎవరో ఈల వేశారు. మొదటివాళ్ళు వస్తున్నట్టున్నారు. మా ఆయన రావడానికి ఇంకా చాలా టైముంది.

నీ చెల్లి,
జొవీ

*

అక్కకి,

మదర్ గారూ, ఈసారి ఇందులో పాపం ఉంది. కావాలంటే ఈ పేజీ వదిలేసి మా అక్కకిచ్చెయ్యండి.

ఊరంతా నన్ను చూసి నవ్వుతోంది. కూరగాయల మార్కెట్లో తూకం వేసేవాడు 'మనాంగ్ జొవీ, అక్కా, బస్తా మీద తల పెట్టకు, నిద్రపోతావ్' అంటాడు. చర్చిలో వెనక బెంచీ వాళ్ళు, ప్రసంగం అయ్యాక లేపమంటావా అని అడుగుతారు. మన కొండల మీద ఒక్కసారి కూడా తాడు ముట్టని డెల్ఫిన్, పెళ్ళాం కునుకు తీయడం వల్ల ఓడిపోయాడు. ఇదీ ఇక్కడి కథ.

జరిగింది వేరు. తను చాలా ఆలస్యంగా వచ్చాడు. మొహం నెత్తురు లేనట్టుంది. జావ రెండు గరిటెలు తాగి పక్కన పెట్టాడు. పొద వెనక్కి వెళ్ళొచ్చి నా కళ్ళలోకి చూడలేదు. నేను మళ్ళీ లాంతరు తీసుకుని వెళ్ళాను. ఈసారి పోయినేటి కంటే చిక్కగా ఉంది. తిరిగొచ్చేసరికి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

"జొవీ, అరగంట. అరగంటకి లేపు. మర్చిపోకు," అన్నాడు.

సరేనని ఫోన్లో అలారం పెట్టాను. తర్వాత దాన్ని తను విప్పిన బురద సాక్సుల్లో చుట్టి, జావ గిన్నె ఖాళీ చేసి అందులో పెట్టి, మూత వేశాను. చేతులు వాటంతట అవే చేశాయని చెప్పను. ఒక్కో పనీ తెలిసే చేశాను. గుడారం జిప్పు లాగేసి, తన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. గిన్నెలో అలారం ముద్దముద్దగా మోగి ఆగిపోయింది. పక్క గుడారాల్లో ఒక్కొక్కరినీ లేపుకుంటున్నారు. బూట్లు తొడుక్కుంటున్న చప్పుడు, దగ్గులు, జాగ్రత్త అన్న మాటలు అన్నీ వినపడ్డాయి. నేను మాత్రం తను ఊపిరి పీలుస్తున్నాడా అని చూస్తూ, చిన్నప్పుడు అమ్మ పాడే పాట పెదాల మీదే పాడుకుంటూ కూర్చున్నాను. తెల్లవారాక జేగంట మోగింది. అప్పుడు కళ్ళు మూసుకుని గోడకి ఆనుకున్నట్టు గుడారం గుడ్డకి ఆనుకున్నాను, నిద్రపోయినదానిలా. అక్కా, ముసలితనంలో నాటకాలు నేర్చుకున్నాను.

జేగంట విని డెల్ఫిన్ లేచాడు. జాక్సన్ జిప్పు తీసి నా వంక చూసి మళ్ళీ వేసేశాడు. డెల్ఫిన్ నంబరు గుడ్డ తాడు మీద వెయ్యలేదు. ఆగిపోయినవాళ్ళు కదా వేసేది, తను ఆగలేదు, ఆపేశారు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అక్కడినుంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. సెలైన్లు ఎక్కించారు. అక్కడి డాక్టరమ్మ, మీకు నిద్ర పట్టడమే మంచిదయిందమ్మా, ఇంకో కొండ ఎక్కి ఉంటే మూత్రపిండాలు దెబ్బతినేవి అంది. కొన్నాళ్ళు నీళ్ళు బాగా తాగి, బరువులు మోయకుండా ఉంటే చాలట. అంటే నేను చేసింది మంచిపనే. అయినా నాకు మనశ్శాంతి లేదు. ఎందుకంటే తను నన్ను క్షమించేశాడు. ఇంటికెవరు వచ్చినా 'పోనీలే, పాపం అలిసిపోయింది, ఆడమనిషి' అంటాడు. అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నేను నిద్రపోలేదని చెప్తే, తన ఇన్నేళ్ళ పేరు పెళ్ళామే కావాలని తుడిచేసిందని తెలుస్తుంది. చెప్పకపోతే చచ్చేదాకా ఈ క్షమ తింటూ బతకాలి. ఏం చెయ్యను? దేవుణ్ణి అడిగి రాయి.

నీ దొంగ చెల్లి,
జొవీ

*

అక్కకీ, ఈసారి మదర్ గారికి కూడా,

నీ జవాబు అందింది. నువ్వు నాలుగు పేజీలు ప్రార్థన గురించి రాశావు. దాని కింద మదర్ గారు ఒక్క ముక్క రాశారు: ముందు మొగుడికి చెప్పు, తర్వాత దేవుడికి చెప్పుకో. మదర్ గారు పెళ్ళి చేసుకుని ఉంటే బాగుండేది.

అలాగే చెప్పాను. పెరట్లో కూర్చుని ఇద్దరం క్యాబేజీకి పై ఆకులు ఒలుస్తున్నాం. తల ఎత్తకుండా మొత్తం చెప్పేశాను. గిన్నె గురించి, అలారం గురించి, దొంగ నిద్ర గురించి. తను ఒలవడం ఆపలేదు.

"తెలుసు," అన్నాడు.

ఎలా తెలుసన్నాను.

"ఫోను నా సాక్సుల్లో చుట్టి గిన్నెలో పెట్టావ్. మూత మెల్లగానే పెట్టావ్ గానీ అది సొట్ట మూత కదా, చప్పుడయింది. తర్వాత మీ అమ్మ పాట పాడుకున్నావ్. రెండో చరణం నీకు ఎప్పుడూ రాదు, మొదటిదే మళ్ళీ మళ్ళీ పాడావ్."

 అయితే నువ్వు మెలకువగా ఉన్నావా అన్నాను.

"ఒక్క క్షణం కూడా నిద్ర పట్టలేదు. అలారం మోగితే నువ్వు లేపుతావేమోనని భయమేసింది. నువ్వు లేపితే నేను వెళ్ళాలి కదా, జొవీ. నా అంతట నేను లేచి ఆ తాడు దగ్గరికి నడవలేను. అందరూ చూస్తారు. అందుకని కళ్ళు మూసుకుని పడుకున్నాను. జేగంట మోగేదాకా."

అక్కా, మొదట నాకు ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, జాలితోనే. ఇంత పెద్ద మనిషి, కుర్రాళ్ళు అపో అనే మనిషి, పిల్లాడిలా దుప్పటి కింద కళ్ళు మూసుకుని పెళ్ళాం లేపకూడదని మొక్కుకున్నాడు. రాత్రంతా ఇద్దరం మూరెడు దూరంలో ఒకటే కోరుకుంటూ ఒకరికొకరం నాటకమాడాం. తర్వాత మార్కెట్లో తూకం వేసేవాడు గుర్తొచ్చాడు. చర్చిలో వెనక బెంచీ గుర్తొచ్చింది. పాపం అలిసిపోయింది, ఆడమనిషి. ఆ మాట అన్నప్పుడు ఈయనకి అంతా తెలుసు.

"నీ పరువు నా నిద్ర చాటున దాచుకున్నావ్," అన్నాను. "నాకు నిద్ర లేక ఇన్నేళ్ళయింది. ఉన్న ఆ ఒక్క దొంగ నిద్ర కూడా నువ్వే వాడేసుకున్నావ్."

తను ఇంకో క్యాబేజీ అందుకున్నాడు. నేను రెండ్రోజులు మాట్లాడలేదు. వంట చేశాను, మాట్లాడలేదు. మూడో రోజు తనే కాఫీ పెట్టి ఇచ్చాడు. అది నీళ్ళలా ఉంది, అయినా తాగాను.

వానలు ముదిరే ముందు ఆ పైనే ఒక చిన్న పరుగు జరుగుతుంది, మజిలీ అదే. నన్ను తోడు రమ్మన్నాడు. తను వెళ్ళేది పరిగెత్తడానికి కాదు, జావ కాయడానికట. గుడారం, పొయ్యి, బస్తా అన్నీ పక్కింటివాళ్ళ గాడిద మీద వేయించాడు. బరువు మోయొద్దని డాక్టరమ్మ చెప్పింది కదా. నేను చేతులూపుకుంటూ కొండెక్కడం అదే మొదటిసారి. పైకి చేరేసరికి అందరూ ఉన్నారు. కుర్రాళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, మనోంగ్ జాక్సన్. నన్ను చూడగానే ఎవరో దుప్పటి తెచ్చారా అని మొదలుపెట్టారు. డెల్ఫిన్ గుడారం కూడా వెయ్యకుండా నేరుగా తాడు దగ్గరికి వెళ్ళాడు. జేబులోంచి పాత నంబరు గుడ్డ తీసి, మడతలు సాపు చేసి, రెండు చివరలా క్లిప్పులు పెట్టాడు.

ఇది పోయిన పరుగుది కదా అపో అన్నాడు జాక్సన్.

"అవును. ఆ రోజే వెయ్యాల్సింది," అన్నాడు డెల్ఫిన్. గొంతు అంత పెద్దదేమీ కాదు గానీ అందరికీ వినపడింది. "మా ఆవిడ ఆ రోజు నిద్రపోలేదు. ఇద్దరం మెలకువగానే ఉన్నాం. లేవడం నాకే ఇష్టం లేకపోయింది. చెప్పే ధైర్యం లేక ఇన్నాళ్ళూ ఆమెని నవ్వులపాలు చేశాను."

ఎవరూ ఒక్క మాట అనలేదు. అది అక్కడి పద్ధతి. జాక్సన్ కప్పులో కాఫీ పోసి తన చేతికిచ్చాడు. తర్వాత ఇంకో కప్పు పోసి నాకిచ్చాడు. నేను పరిగెత్తలేదు, ఆగలేదు, తాడు మీద నా గుడ్డ కూడా లేదు. అయినా ఇచ్చాడు.

నేను గుడారంలోకి వెళ్ళి పడుకున్నాను. బూట్లు విప్పే ఓపిక కూడా లేదు. జావ ఎవరు కాస్తారో, అల్లం ఎవరు తరుగుతారో పట్టించుకోలేదు. బయట ఎవరో ఎవర్నో లేపుతున్న చప్పుడు ఒకటి రెండుసార్లు వినపడింది, తర్వాత వినపడలేదు. జేగంట కూడా వినపడలేదు, అక్కా.

కళ్ళు తెరిచేసరికి గుడారమంతా ఎండ పచ్చగా ఉంది. బూట్లు నా కాళ్ళకి లేవు, పొడి సాక్సులున్నాయి. జిప్పు తీస్తే పరుగువాళ్ళు లేరు, మజిలీ అంతా విప్పేశారు, మా గుడారం ఒక్కటే నిలబడి ఉంది. డెల్ఫిన్ దాని ముందు మాడిపోయిన గిన్నె తోముతూ కూర్చున్నాడు.

"నిద్ర పట్టిందా?" అని అడిగాడు.

ఎందుకు లేపలేదన్నాను.

"పడుకున్నవాళ్ళని సొంత మనిషే లేపాలి కదా," అన్నాడు. "నాకు లేపాలనిపించలేదు."

నీ చెల్లి,
జొవీ