సమాధి మీది చామంతులు

చందర్లపాడు,
జులై 6.

సంఘపెద్ద రత్నబాబు గారికి వందనాలు.

మా ఆయన సమాధి మీద నేను పెంచిన పసుపు చామంతులు ఎండిపోయాయని, మార్చిలో మీరు పీకించి గోడవతల పారేయించారు. పూత అయ్యాక చామంతి పైకి అలాగే ఎండుతుందండీ. మొదలు దగ్గర పిలకలు బతికే ఉంటాయి. ఆ దుబ్బులన్నీ ఏరి తెచ్చి మా పెరట్లో పెట్టా. ఒక్కటీ చావలేదు.

"సమాధులన్నీ సిమెంటుతో ఒకేలా ఉండాలమ్మా" అన్నారు. పాతికేళ్లు చామంతి తోటలకు నీళ్లు కట్టిన మనిషండీ ఆయన. ఆయనకు సిమెంటెందుకు?

నిన్న పిలకలు విడదీసి మళ్లీ అక్కడే నాటా. నవంబరులో సమాధుల పండక్కి పూస్తాయి. రెండు పిలకలు మిగిలితే మీ అమ్మగారి సమాధి మీద నాటి నీళ్లు పోసా. ఈసారి పీకించేటప్పుడు అక్కడినుంచే మొదలుపెట్టండి.

ఇట్లు,
రోజూ బిందెతో వచ్చే మీ సంఘస్తురాలు.