తూకం యంత్రానికి కబుర్లు చెప్పిన కంప్యూటరు

సూస్,
నవంబరు 1996.

అమ్మకి సలాములతో లస్సాద్ రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, నాన్నా, నాన్న మోకాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందుగా క్షమాపణలు. ఇంజనీరు ఫెర్జానీ గారి లేత మనసు గాయపరిచినందుకు, సూస్ తపాలా కార్యాలయపు పరువుకి భంగం తెచ్చినందుకు, కళ్ళున్న సమస్త మానవజాతినీ చులకన చేసినందుకు, చూపులేని నీ కొడుకు తల వంచి మన్నించమంటున్నాడు. వీటిలో ఏ ఒక్కటీ నేను చెయ్యలేదు. అయినా అడగడం మర్యాద కదా.

ఇక నీ ప్రశ్నలు. బ్సీసా పిండి అందింది. సగం మా ఇల్లుగలావిడ దూజా పిన్నే తినేసింది. నీ ఉత్తరాలు చదివి వినిపించేది ఆవిడే కనుక కూలీ అనుకో. "ఇల్లుగలావిడ నిన్ను సరిగ్గా చూసుకుంటోందా?" అన్న వాక్యం చదివి, "భేషుగ్గా చూసుకుంటోందని రాయి" అని జవాబు కూడా తనే చెప్పింది. అందుకే ఇది నేనే టైపు కొడుతున్నాను. నజీహా ఎవరు, పెళ్ళి కావలసిన పిల్లా అని అడిగావు. అమ్మా, ఆవిడది నీ ఈడు. మా అంధుల సంఘంలో నా దగ్గరే కంప్యూటరు నేర్చుకుంది. గురుభక్తితో నన్ను గాడిద అని పిలుస్తుంది.

ఆవిడ సంగతే చెప్పాలి. తపాలా కార్యాలయంలో ఫోన్ చేసిన వాళ్ళకి పార్సిలు ఎక్కడుందో చెప్పే ఉద్యోగం ఒకటి పడింది. పరీక్ష నెగ్గితే ఉద్యోగం. తప్పితే కైరవాన్‌లో తమ్ముడింటికి తిరిగి వెళ్ళి, బాదం కాయలు కొడుతూ, మరదలి దెప్పుళ్ళు వింటూ బతకడం. "ఆ పొట్టు ఇంకా గోళ్ళలోనే ఉందిరా," అంటుంది.

మాబోటి వాళ్ళకి తెర మీది అక్షరాలన్నీ ఒక ప్రోగ్రాము చదివి, కంప్యూటరు వెనక తగిలించిన చిన్న పెట్టెకి పంపుతుంది. పెట్టె వాటిని జలుబు చేసిన గొంతుతో పైకి చెబుతుంది. పెట్టె మూగబోతే మాకు కంప్యూటరూ బండరాయీ ఒకటే. మా సంఘంలోనైతే ఆ పెట్టె ఏదో, ఎక్కడ తగిలించామో ప్రోగ్రాముకి మేమే రాసి చెబుతాం. తపాలా కార్యాలయంలో కంప్యూటర్లు చూసే ఫెర్జానీ గారికి అది నామోషీ. అత్తరు ముందొచ్చి మనిషి తర్వాతొచ్చే రకం ఆయన.

"రాయడమెందుకయ్యా? కంప్యూటరే వెతికి పట్టుకుంటుంది," అని, మేం అక్కడి కంప్యూటరులో రాసింది చెరిపేసి, ఇంకెవరూ మార్చకుండా రహస్య పదం పెట్టి బిగించాడు.

వెతకడమంటే ఏమిటనుకున్నావు? ప్రోగ్రాము లేస్తూనే కంప్యూటరు వెనక తీగలు తగిలించే ద్వారాలు వరసగా తట్టి, "మాట్లాడే పెట్టెవి నువ్వేనా?" అని అడుగుతుంది. ఎవరు ముందు పలికితే వాళ్ళే పెట్టె. తపాలా కార్యాలయంలో మొదటి ద్వారానికి పార్సిళ్ళు తూచే యంత్రం ఉంది. పాపం దాన్ని ఎవరేమడిగినా తన మీద ఎంత బరువుందో చెబుతుంది. ప్రోగ్రాముకి అంతే చాలు, మురిసిపోయి వెతకడం మానేసింది. తెలివిలో అంతా ఫెర్జానీ గారి పోలికే.

పరీక్ష రోజు పోస్టుమాస్టరు అమర్ గారూ, పైఅధికారులూ వచ్చి కూర్చున్నారు. నజీహాకి తోడుగా నేనూ వెళ్ళాను. ఆవిడ కంప్యూటరు ఆన్ చేసింది. పెట్టె నోరు మెదపలేదు. ఆవిడ మీట నొక్కింది. గది అవతలి మూల ఏదో కీచుమంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ కీచు.

"ఒరే గాడిదా, నేను నొక్కితే ఆ మూల ఎవర్రా ఏడుస్తున్నారు?"

"ఇంజనీరు గారూ, మీ కంప్యూటరు తూకం యంత్రానికి కబుర్లు చెబుతోంది," అన్నాను.

"విన్నారా అమర్ గారూ? కళ్ళు లేనివాడు నాకు తీగలు చూపిస్తున్నాడు!" ఫెర్జానీ నవ్వాడు. అధికారులూ నవ్వారు. "యంత్రం శుభ్రంగా ఉంది. ఆవిడకే చేతకావడం లేదు."

"కాఫీ తాగొచ్చి ఇంకోసారి చూద్దాం," అన్నారు అమర్ గారు. "అప్పుడూ ఇంతే అయితే ఏం చెయ్యగలనమ్మా, వేరేవాళ్ళని చూసుకుంటాం."

మేమిద్దరం తప్ప అందరూ వెళ్ళారు.

"బాదం కాయలు," అంది నజీహా. ఆవిడ నోట తిట్టు లేని మాట వినడం నాకదే మొదలు.

తూకం యంత్రం తీగ ఊడదీస్తే చాలు, ప్రోగ్రాము తర్వాతి ద్వారాలు తట్టి పెట్టెని పట్టుకుంటుంది. కాని దొంగ తూకాలు జరగకుండా తూనికల శాఖ వాళ్ళు ఆ తీగ మొదట్లో దారం బిగించి సీసపు ముద్ర వేశారు. అది తెంపడం నేరం.

కాఫీలయ్యాక కంప్యూటరు మళ్ళీ ఆన్ చేశారు. పెట్టె గొంతు సవరించుకున్నట్టు గురగురమని, చకచకా చదివేసింది. పరీక్ష కోసం పక్కగదిలోంచి ఎవరో ఫోన్ చేశారు.

"బిజర్త్ నుంచి రావలసిన పార్సిలేనా అండీ? నిన్ననే వచ్చింది. గుర్తింపు కార్డు తెచ్చుకోండి," అంది నజీహా. "అరవకండి బాబూ, నాకు లేనివి కళ్ళు, చెవులు కాదు."

అమర్ గారు పకపకా నవ్వారు. ఫెర్జానీ లేచి నిలబడ్డాడు.

"చూశారా? దానంతటదే వెతికి పట్టుకుంది! ఈ గదిలో తీగలు నేను తప్ప ఇంకొకడు ముట్టుకోలేదు. ఎవరడిగినా ఈ మాటే చెప్పండి."

అమర్ గారు చెప్పారు. తర్వాతి వారం తూనికల అధికారి వచ్చి, తెగిన ముద్ర చేత్తో పట్టుకుని, తీగలు ముట్టుకున్నదెవరని అడిగితే, అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. అప్పట్నుంచీ ఫెర్జానీ సంజాయిషీలు ఇచ్చుకుంటూ, నేను పగబట్టానని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. పగబట్టడానికి అవతల ఒక మనిషి ఉండాలి కదమ్మా.

నిన్న నజీహాకి ఉద్యోగం ఖాయమైంది. అందాకా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు, నీ దగ్గర కూడా. రేపు తూనికల అధికారి దగ్గరికి వెళ్తున్నాను. ఫెర్జానీ మీద జాలిపడి కాదు. నేను చేసిన పని అలాంటివాడి పేరున చెలామణీ కావడం నాకు అవమానం. జరిమానా వేస్తారో, జైలంటారో తెలియదు. నాన్నకి నువ్వే మెల్లగా చెప్పు.

ఆ ముద్ర తెంపింది నేనే అమ్మా. పళ్ళతో.

ఇట్లు,
ముందుపన్ను కాస్త విరిగిన
నీ చిన్నకొడుకు
లస్సాద్