నా మాట నేనే అంటాను

ప్రియమైన రొట్టెబాబు గారికి,

నమస్కారం. ‘నాలుగు పాదాలు’ కవితల గ్రూపులో నన్నందరూ ఈతక్క అంటారు, మీకు తెలిసిందే. స్విమ్మింగ్ పూల్‌లో కోచ్‌ని. పొద్దున పిల్లలకి, సాయంత్రం పెద్దవాళ్లకి ఈత నేర్పుతాను. విజిల్ ఊదీ ఊదీ నా గొంతు కూడా అలాగే తయారైంది. ఈ ఉత్తరం కాస్త గట్టిగా వినిపిస్తే తప్పు గొంతుదే, మనసుది కాదు.

మీ ‘పొంగు’ కవిత కింద ‘చాలా బాగుంది’ అని రాసి ఊరుకున్నాను. అందరి ముందూ అంతకన్నా అనబుద్ధి కాలేదు. అసలు మాట ఈమెయిల్లో చెబుతున్నాను. తడిగుడ్డ కింద పిండి ముద్ద మెల్లగా ఊపిరి తీసుకోవడం, మీరు గుడ్డ ఎత్తి చూసి మళ్లీ కప్పేయడం, అక్కడిదాకా నేను మీ బేకరీలోనే నిలబడ్డాను. ఆ తర్వాత ‘జీవితమూ ఇంతే’ అన్నారు చూడండి, నన్ను చెయ్యి పట్టుకుని బయటికి గెంటేశారు! ఆ లైను మన గ్రూపులో ప్రతివారం ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. మీకెందుకండీ అది? గుడ్డ మళ్లీ కప్పిన చోటే ఆపేయండి.

పోస్టుమాస్టారికి ఈ సంగతి చెప్పకండి. గ్రూపు నడిపే మనిషి, పాపం, ఏ కవితకైనా ‘బాగుంది. ఇంకా రాయండి’ అని ఒకటే ముద్ర కొడతారు. సర్వీసులో అబ్బిన అలవాటు కాబోలు.

ఇంకో మాట. నెలనెలా ఆన్‌లైన్ సభలో అందరం ఎవరి కవిత వాళ్లం చదువుతాం. మీరు ఒక్కసారీ చదవలేదు. మైకు చెడిపోయిందట. మధ్యలో కొత్త ఫోన్ కొన్నానని మీరే రాశారు. దాని మైకూ చెడిపోయిందా?

మీ కవితల కోసం ఎదురుచూసే,
ఈతక్క

*

ప్రియమైన ఈతక్క గారికి,

చివరి లైను తీసేశాను. రెండు రోజులు నొప్పెట్టింది, మూడో రోజు మర్చిపోయాను. ఇప్పుడు చదివితే అది అక్కడ ఉండేదన్న గుర్తు కూడా లేదు. ధన్యవాదాలు.

మీరు దాచుకోకుండా చెప్పారు కాబట్టి నేనూ చెబుతాను. మీ ‘దూకు’ కవితలో ప్రతి లైనూ ఒక ఆజ్ఞ. భయం వదులు, చేతులు చాపు, నీటిని నమ్ము. చదువుతున్నంతసేపూ మీ మెడలో విజిల్ కనిపించింది గానీ, నీళ్ల ఒడ్డున వణుకుతున్న మనిషి కనిపించలేదు. ఆ మనిషి ఎవరు? ఏం చూస్తోంది? ఆవిడని ఒక్క నిమిషం నిలబడనివ్వండి. వెంటనే తోసేయకండి.

ఎక్కువ అన్నానేమో. పెద్దవారు, క్షమించండి.

మైకు సంగతి అంటారా, బేకరీలో ఓవెన్ ఫ్యాను హోరు. ఎవరికీ ఏమీ వినపడదు. అందుకని చదవను.

మీ,
రొట్టెబాబు

*

రొట్టెబాబు గారికి,

‘ప్రియమైన’ అని రాయలేదని గమనించారా? కావాలనే రాయలేదు. విజిల్ అంటారా నన్ను?

ఈతక్క

*

ప్రియమైన తమ్ముడికి,

కోపం పోయింది. అది పోవడానికి పట్టినన్నాళ్లూ ఉత్తరం రాయలేదు. ఇకనుంచి ‘గారు’ కూడా లేదు. నన్ను అంత మాట అన్నవాడివి తమ్ముడివే అయ్యుండాలి.

సాయంత్రం క్లాసుకి ఈమధ్య ఒక పెద్దావిడ వస్తోంది. బట్టల షాపులో పనిచేసి రిటైరైందట. నీళ్లలోకి దిగే మెట్ల మీద నిలబడి కమ్మీ వదలదు. మామూలుగా అయితే ‘అమ్మా, రండి రండి’ అని చప్పట్లు కొట్టేదాన్ని. నీ మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. ఊరుకుని చూశాను. చూసింది రాశాను.

మెట్టు మీద ఆవిడ
నీళ్లని కాదు,
తన మోకాళ్లని చూసుకుంటోంది.
ఇన్నేళ్లూ చీర కింద నడిచినవి
ఇవాళ వెలుతురులోకి వచ్చాయి.

నేననుకున్నట్టు ఆవిడ భయం నీళ్లంటే కానే కాదు తమ్ముడూ! ఇన్నేళ్లు నేర్పుతున్నాను, ఎవరి భయం దేనికో ఎప్పుడూ అడగలేదు. కవిత గ్రూపులో పెట్టాను. పోస్టుమాస్టారు ముద్ర కొట్టారు. కవితకన్నా పొడుగు వ్యాఖ్యలు రాసే మన లాయరు గారు, కవితకన్నా పొడుగు వ్యాఖ్యే రాశారు. నువ్వు మాత్రం ఏమీ అనలేదు. ఎలా ఉంది?

నీ అక్క,
(విజిల్ తీసి పక్కన పెట్టిన) ఈతక్క

*

ప్రియమైన అక్కకి,

ఏమీ అనలేదంటే చదవలేదని కాదు. మా ఆవిడకి చదివి వినిపించాను. బేకరీ కౌంటర్ దగ్గర కూర్చునేది తనే. విని, ‘ఈవిడ దగ్గర నేనూ ఈత నేర్చుకుంటాను’ అంది. ఇంతకన్నా ఏం కావాలి?

చదివి వినిపించాను అన్నాను కదా. నేను గొంతు విప్పి చదివేది మా ఆవిడ ఒక్కతెకే. ఓవెన్ ఫ్యాను హోరు అబద్ధం అక్కా. మైకూ అబద్ధమే. నాకు నత్తి.

కొంచెం నత్తి కాదు. మొదటి అక్షరం దగ్గర తలుపు మూసుకుపోతుంది. అవతలివాళ్లు దయతో నా మాట వాళ్లే పూర్తిచేస్తారు. వాళ్లు అందించిన మాట నాది కాకపోయినా తలూపేస్తాను. ఒకసారి సెలూన్‌లో అలా తలూపినందుకు గుండు కొట్టించుకుని వచ్చాను. నవ్వుకో, పర్లేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. ఎవరూ మాట అందించని చోటు కాగితం ఒక్కటే. అందుకే కవితలు.

గ్రూపు పుట్టినరోజు సభకి ఒకటి రాశాను. మా నాన్న గురించి. బేకరీ ఆయన పెట్టిందే. పోయిన ఏడాది పోయారు.

ప్రపంచమంతా
నా మాటకి తోక అతికించేది.
నాన్న ఒక్కడే
చేతులకంటిన పిండి ఎండిపోతున్నా
కడుక్కోకుండా
నిలబడేవాడు.

ఇంకా ఉంది, మొత్తం పంపుతున్నాను. ఇది గ్రూపులో అక్షరాలుగా మిగిలిపోవడం నాకిష్టం లేదు. ఒక్కసారైనా గాల్లోకి వినబడాలి. నా తరఫున నువ్వు చదువుతావా? నీ గొంతు ఎంత పెద్ద పూల్‌కైనా చాలుతుంది.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

చదువుతాను. తప్పకుండా చదువుతాను. ‘నువ్వే చదువు, ధైర్యం చెయ్యి’ అని ఉపన్యాసం ఇస్తాననుకుంటున్నావేమో, ఇవ్వను. ఎవరిని ఎప్పుడు తోయకూడదో ఈమధ్యే నేర్చుకున్నాను, నేర్పింది నువ్వే.

కవిత గురించి ఒకే మాట. ‘కరుణామయుడు’ అని ఒక చోట రాశావు. ఎండిన పిండి చెప్పాక ఆ మాట దేనికి? తీసెయ్. మిగతాదాంట్లో చుక్క కూడా మార్చకు. పోస్టుమాస్టారికి చెప్పేశాను, రొట్టెబాబు కవిత నేను చదువుతానని. ఆదివారం పెద్దవాళ్ల క్లాసు మధ్యాహ్నమే పెడతాను, అది ముగించుకుని నేరుగా సభలోకి వస్తాను. వంటింట్లో గిన్నెలు తోముతూ కూడా చదువుకుంటున్నాను. మా ఆయన ‘ఎవరి నాన్న గురించే ఇది, నాకు ఏడుపొస్తోంది’ అన్నాడు.

నిశ్చింతగా ఉండు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నువ్వు మామూలుదానివి కాదు! తోయను, తోయను అంటూనే ఎంత పని చేశావు!

నువ్వు సభకి కావాలనే రాలేదని నాకు తెలిసిపోయిందిలే. అయినా జరిగింది నీకు చెప్పాలి.

నేను బేకరీ వెనక గదిలో పిండి బస్తా మీద కూర్చుని, ఫోన్ ఎదురుగా డబ్బాకి ఆనించి పెట్టుకున్నాను. మా ఆవిడ షట్టర్ సగం దించి వచ్చి, ట్రేలు తుడుచుకుంటూ నిలబడింది. పోస్టుమాస్టారు ‘ఈతక్క గారూ, ఉన్నారా?’ అన్నారు. కాసేపాగి మళ్లీ పిలిచారు. లాయరు గారు ‘కరెంటు పోయిందేమోనండీ’ అన్నారు. ‘సరే, రొట్టెబాబు గారి కవిత వచ్చే నెల చదివిద్దాం’ అన్నారు పోస్టుమాస్టారు.

హమ్మయ్య అనుకున్నాను అక్కా, నిజం. ఒంట్లోంచి బరువు దిగిపోయింది. మా ఆవిడ వైపు చూశాను. తను ట్రే తుడుస్తూనే ఉంది. ఇంతలో పోస్టుమాస్టారు ఇంకొకరి పేరు పిలవబోయారు. మా నాన్నని వరసలోంచి పక్కకి జరిపినట్టనిపించింది. నా వేలు వెళ్లి మైకు నొక్కింది.

‘నే... నేను చ... చదువుతాను.’

నేను మొదలుపెట్టాను. రెండో లైను దాటాక ‘నాన్న’ దగ్గర తలుపు మూసుకుపోయింది. న... న... దవడ బిగుసుకుపోయింది. తెర మీద అన్ని ముఖాలూ నన్నే చూస్తున్నాయి. లాయరు గారు మంచి మనిషే, ఉండబట్టలేక ‘నాన్న... నాన్న అంటున్నారాండీ?’ అన్నారు.

అదే మాట. సరైన మాటే. తలూపేస్తే అయిపోయేది.

‘ఆ... ఆగండి,’ అన్నాను. ‘నా మాట న... నేనే అంటాను.’

ఆయన వెంటనే ‘క్షమించండి’ అని ముఖం దించేసుకున్నారు. నేను మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను. ఎంతసేపు పట్టిందో తెలీదు. నువ్వు చదివితే చిటికెలో అయిపోయేది, నేను చదివితే అవలేదు. కానీ ప్రతి అక్షరం నేనే అన్నాను అక్కా. ఒక్కటి కూడా ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు. అయిపోయాక చూస్తే మా ఆవిడ చేతిలో అదే ట్రే ఉంది, ఇంకా అక్కడే తుడుస్తోంది.

పోస్టుమాస్టారు ముద్ర కొట్టలేదు. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, ‘ఇంకొక్కసారి చదువుతారా?’ అన్నారు. చదివాను. రెండోసారి ఇంకో చోట ఆగింది. ఆగితే ఆగింది.

ఇదంతా నీ ఎత్తే. నువ్వు రాకపోతే నేను దిగుతానని నీకు ముందే తెలుసు. ఈ జన్మకి నీ రుణం తీరదు.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు నాకు పెట్టిన కిరీటం ఎంత బాగుందో! అలాగే పెట్టేసుకుందామా అని ఒక పూటంతా ఆలోచించాను. కానీ అది నాది కాదు.

ఎత్తూ లేదు, జిత్తూ లేదు. నేను వద్దామనే అనుకున్నాను. నీ కవిత ప్రింటు తీసి, బ్యాగులో బట్టల మధ్య తడవకుండా పెట్టుకున్నాను కూడా. క్లాసు ముగించి అందర్నీ పైకి రమ్మన్నాను. ఒకాయన రాలేదు. పెద్దాయన, మేస్త్రీగా చేసి మానేశారు, నెమ్మదస్తుడు. చూస్తే నీళ్లలో బోర్లా తేలుతున్నారు. ఆడుతున్నారనుకోవడానికి ఒక్క క్షణం పట్టింది, కాదని తెలియడానికి ఇంకో క్షణం. దూకాను. గట్టు మీదికి లాగేసరికి ఊపిరి లేదు. ఛాతీ మీద నొక్కుతూ, నోట్లోకి ఊదుతూ... నువ్వు సభలో ‘నేను చదువుతాను’ అన్నప్పుడు నేను చేస్తున్న పని అదే అయ్యుంటుంది. ఆయన దగ్గి, నీళ్లు కక్కి, నా మొహం చూసి ‘విజిల్ ఊదావామ్మా?’ అన్నారు. అప్పుడు ఏడ్చాను.

అంబులెన్స్‌లో నేనూ వెళ్లాను. తడి బట్టల్లోనే. వాళ్లావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. అప్పటికిగానీ నాకు నువ్వు గుర్తురాలేదు. గుర్తురాగానే నన్ను నేను తిట్టుకున్నాను. నిశ్చింతగా ఉండమని మాటిచ్చి నిన్ను ఒంటరిగా వదిలేశానే అని. గ్రూపు తెరిస్తే పోస్టుమాస్టారు పెట్టిన రికార్డింగ్ ఉంది.

కాబట్టి విను. నిన్ను నేను దింపలేదు. మీ ఆవిడా దింపలేదు, ట్రే తుడుచుకుంటోంది. పైగా పోస్టుమాస్టారు ‘వచ్చే నెల’ అని నీకు తలుపు బార్లా తెరిచి చూపించారు. పారిపోవడానికి అంత చక్కటి దారి ఉండగా మైకు నొక్కింది ఎవరు? ఆ రోజు ఎవరూ ఎత్తు వేయలేదు తమ్ముడూ. నీ అంతట నువ్వే దిగావు. నా జీతమంతా జనాన్ని నీళ్లలోకి దింపినందుకే. తమంతట తామే దిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకా అయిపోలేదు. ఆస్పత్రి వరండాలో ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని వింటున్నాను. వాళ్లావిడ నా పక్కనే కూర్చుని చీర కొంగు మెలిపెడుతోంది. నా ముఖం చూసి ‘ఎవరమ్మా అది?’ అంది. ‘మా తమ్ముడు. కవిత చదువుతున్నాడు’ అని రెండో ఇయర్‌ఫోన్ ఆవిడకిచ్చాను. మొదటినుంచి పెట్టాను. నువ్వు ఆగిన చోట ఆవిడ కూడా ఊపిరి బిగబట్టింది. నీకు మాట అందించబోయిన లాయరు గారిని ‘ఈయనకేం తొందర?’ అని కసిరింది. అయిపోయాక కళ్లు తుడుచుకుని, ‘ఇంకోసారి పెట్టమ్మా’ అంది.

రెండోసారి మొదలైందో లేదో నర్సు నవ్వుతూ వచ్చింది. ‘అమ్మా, ఆయన లేచి కూర్చున్నారు. భయం లేదు. లోపలికి రావచ్చు’ అంది. ఆవిడ లేచి నిలబడింది, ముఖం వెలిగిపోతోంది. సరిగ్గా అప్పుడే నువ్వు ‘నాన్న’ దగ్గర ఆగిపోయావు. న... న...

ఆవిడ చెవిలోంచి తీయబోయిన ఇయర్‌ఫోన్ తీయలేదు. నర్సు వైపు చెయ్యి ఎత్తింది.

‘వస్తున్నా తల్లీ, ఒక్క నిమిషం. అబ్బాయిని మాట పూర్తి చేయనీ.’

నీ అక్క