బొంబాయి పాటలకు ప్రయాణం

శంకర్,

బస్సు ప్రమాదంలో నువ్వు పోయి ఈ ఆదివారానికి ఏడాది. నీకో కబురు చెప్పాలి. వచ్చే నెల బొంబాయిలో, బయలు మైదానంలో హెవీ మెటల్ పాటల పండుగ, అదే గిటార్లూ డ్రమ్ములూ హోరెత్తించే పాటలది, జరుగుతుందట. మనిద్దరం నీ రేడియోకు చెవులు ఆనించి, గరగరల మధ్య విన్న ఆ మోతను ఎదురుగా నిలబడి వినొచ్చు. రైలు టికెట్ కొన్నాను. అప్పటినుంచి బాలానగర్ ఫ్యాక్టరీలో పని చేస్తున్నప్పుడు కూడా కాళ్లు తాళం వేస్తూనే ఉన్నాయి.

కానీ ఆ ఫ్యాక్టరీలో ఇనుమును బాదే హ్యామర్ మిషనే నా చెవులను తినేసింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. దవాఖానలో డాక్టరు దీనికి మందు లేదన్నాడు. పెద్ద మోతల దగ్గరికి వెళితే కుడిది కూడా మిగలదన్నాడు. మా అమ్మ నా కుడి చెవి దగ్గర అరిచి అడిగింది.

"ఉన్న జర వినికిడి గూడ పోగొట్టుకుంటవా కొడుకా?"

"నేను బొంబాయి పోకున్నా, ఫ్యాక్టరీల అది ఎట్లైనా పోతదే అమ్మా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

నిన్న సాయంత్రం మీ ఇంటికి వెళితే, మీ చెల్లెలు నాకోసం నీ రేడియో పెట్టింది. డ్రమ్ము వినపడింది, గిటారు రాలేదు.

"స్టేషన్ సరిగ్గ లేదా?" అని అడిగాను.

ఆమె రేడియో దగ్గరికి వంగి విని, నా ముఖంలోకి చూసింది. "మంచిగనే వస్తుందన్నా, గిటారు గూడ," అంది.

డ్రమ్మైనా వినపడుతుండగానే వెళ్లొస్తాను. గిటారు ఎలా వాయించారో చెప్పడానికి పక్కన నువ్వుంటే బాగుండేది.