పాలపొడి డబ్బాలో కొబ్బరి లౌజు

12-3-96, పొద్దున 5.30

ఏమండీ,

డ్యూటీకి వెళ్తున్నాను. అన్నం వండాను, పప్పు ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి. బయటికి వెళ్ళేటప్పుడు ఏసీ ఆపండి.

పాలపొడి డబ్బాలో దాచిన కొబ్బరి లౌజు శుక్రవారం సెలవు రోజున దోహా జదీదా నుంచి మనింటికి ప్రార్థనకి వచ్చేవాళ్ళ కోసం చేశాను. సగం మీరే ఖాళీ చేశారు. అడిగితే కాల్షియం, విటమిన్ డి అంటూ డబ్బా మీద ఉన్నదంతా చదివి వినిపించారు. అవి పాలపొడిలో ఉండేవండీ. కొబ్బరిలో పీచు, ఇనుము ఉన్నాయి, నర్సుని, నేనెందుకు కాదంటాను? అంత బెల్లం పాకంలో పడ్డాక షుగరున్న మనిషికి అవేం చేస్తాయి?

నిన్న డాక్టరు షుగరు ఎందుకు పెరిగిందని అడిగితే, నా ముందే "రెండు పూటలా పాలు తాగుతానంతే" అన్నారు. ఆయన పాలు మాన్పించాడు. ఇవాళ్టి నుంచి మీకు పాలూ పంచదారా లేని సులేమానీ టీయే. ఫ్లాస్కులో పోశాను.

లౌజు డబ్బా పక్కింటి అమృతమ్మగారికి ఇచ్చాను. మీ షుగరు రిపోర్టు కూడా ఆవిడ దగ్గరే ఉంది, లౌజు అడగడానికి వెళ్ళకండి.

పెర్సిస్

స్టవ్ పక్కన స్టీలు గిన్నెలో ఒక ముక్క మూతపెట్టి ఉంచాను. ఆ గిన్నె మీద మా అమ్మ పేరు తప్ప ఇంకేమీ రాసి లేదు. చదవకుండా తినండి.